బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే షుగర్ తగ్గుతుందా? అసలు వాటిలో ఏముంటుంది?

ఈ మొక్కలో 100కి పైగా ఆల్కలాయిడ్లు (నైట్రోజన్ ఉండే సహజ రసాయనాలు) ఉన్నాయండి, ఆ చేదంతా ఎక్కువగా వాటిదే. ఆకుల్లో విండోలిన్, కాథరాంథిన్ బాగానే ఉంటాయి, ఆ రెండూ కలిసి తయారయ్యే క్యాన్సర్ మందులు విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ మాత్రం మరీ కొంచెం, గ్రాముల్లో తీయాలన్నా వందల కిలోల ఎండు ఆకు కావాలి. వేర్లలో అజ్మాలిసిన్ అని బీపీ తగ్గించేది ఇంకోటి ఉంది.

ఇక షుగర్ సంగతి. జమైకాలో ఈ ఆకు కషాయం షుగర్‌కి తాగేవాళ్ళు, అది విని 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు ఎలుకలకి పట్టించి చూస్తే షుగర్ కదల్లేదు, సరే అని ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్షన్‌గా ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి! అలా దొరికిందే విన్‌బ్లాస్టిన్. కణం రెండుగా చీలాలంటే ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో సన్నటి గొట్టాలు కట్టుకోవాలి, విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ రెండూ వాటిని కట్టుకోనివ్వక కణం చీలడాన్ని ఆపేస్తాయి, అందుకే విన్‌క్రిస్టిన్‌ని ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడతారు.

తర్వాత జరిగిన కొన్ని జంతు ప్రయోగాల్లో షుగర్ తగ్గిన మాట నిజమే గానీ ఏ ఆకులో ఏది ఎంతుందో ఇంట్లో ఎలా కొలుస్తారు? పైగా షుగర్ బిళ్ళలు వేసుకుంటూ ఇదీ నమిలితే షుగర్ మరీ డౌన్ అయ్యే రిస్క్ ఉంది, గర్భిణులైతే అసలు ముట్టుకోకూడదు. నేనైతే కుండీలో పూలకే పెంచుకోమంటా.