నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలయ్యేలోపు భర్త కోసం ఏమేం సిద్ధం చేసుకోవాలి?

అన్నిటికంటే ముందు పళ్ల డాక్టరు. పీకాల్సిన పళ్లుంటే రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పీకించాలి. గాయం మానడానికి ఆ వ్యవధి కావాలి. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గిపోతుంది. ఏళ్ల తర్వాత పన్ను పీకినా గాయం మానక ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి ఫ్లోరైడ్ జెల్ గురించి కూడా అప్పుడే అడగండి.

రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఇస్తారు. రెండు మూడు వారాలకు నోరు పూస్తుంది. కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, ఆ సోడాలో సగమంత ఉప్పు కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంటపెడుతుంది, కొనకండి.

అసలు చిక్కు తిండి దగ్గరే. బరువు ఇప్పుడే రాసిపెట్టుకుని వారం వారం చూడండి. తగ్గుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆహారం ఎక్కించే ట్యూబు అవసరమవుతుందా అన్నది ముందే మాట్లాడుకోవాలి. ట్యూబు పెట్టినా, డాక్టరు వద్దనకపోతే, గుటకలు వేయడం మానకూడదు. వాడకపోతే మింగే కండరాలు బలహీనపడతాయి. నోరు తెరిచే వ్యాయామాలు మొదటి రోజునుంచే చేయించండి. దవడ బిగుసుకున్నాక తెరవడం చాలా కష్టం.

పొగాకు ఈరోజే ఆపించండి. కొనసాగిస్తే చికిత్స సరిగా పనిచేయదు.

ఆఖరి సిటింగ్ అయ్యాక కూడా ఒకటి రెండు వారాలు నొప్పి పెరగొచ్చు. ఆ రోజులకూ సెలవు దాచుకోండి.