పియెర్ మిషెలో రికార్డింగులు ఎలా వెతకాలంటే...

"పియెర్ మిషెలో పేరు కొడితే ఒకటి రెండు ఆల్బమ్‌లే వస్తున్నాయి, అంత పేరున్న ఫ్రెంచ్ జాజ్ బాసిస్టుకి (డబుల్ బాస్ అనే పెద్ద తీగ వాయిద్యం వాయించే ఆయనకి) ఇంతేనా?" అని అడిగారు కదా. మీరు వెతకడంలో తప్పేమీ లేదండీ. ఆయన సొంత పేరుతో చేసినవే తక్కువ. మన మృదంగ విద్వాంసుల వాయిద్యం గాయకుల రికార్డుల్లో దొరికినట్టే, ఈయన్ని కూడా పక్కవాళ్ల పేర్లతో వెతకాలి.

ముందు ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1957 డిసెంబరులో పారిస్‌లో ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ సినిమాకి చేసిన సంగీతం వినండి. తెర మీద దృశ్యాలు చూస్తూ, చాలావరకు అప్పటికప్పుడు అల్లుకున్నది. అందులో 'విజీత్ ద్యు విజీల్' అనే ట్రాక్‌లో మిషెలో బాస్, కెన్నీ క్లార్క్ డ్రమ్స్ తప్ప ఇంకేమీ లేవు. నాకైతే మొత్తం రికార్డులో అదే ఇష్టం!

తర్వాత శాక్సఫోన్ వాద్యకారుడు డెక్స్టర్ గోర్డన్ 1963లో పారిస్‌లో బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ కోసం చేసిన ఆల్బమ్. ఇందులోనూ బాస్ మిషెలోదే. పియానో బడ్ పావెల్. గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ చివరి రోజుల్లో, 1953లో చేసిన రికార్డింగుల్లోనూ మిషెలో ఉన్నారు. పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ రచనల్ని జాజ్‌గా వాయించిన పియానిస్టు జాక్ లూసియే ట్రియోలో (ముగ్గురి బృందంలో) బాస్ కూడా ఈయనదే. 'రౌండ్ మిడ్‌నైట్' సినిమాలో తెర మీదే కనిపిస్తారు.

ఒక్క మాట, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. డబుల్ బాస్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్‌కి అది అందదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.