టెక్ సందేహాలు: యాప్ ఇంకా తినొచ్చంటోంది, బరువేమో తగ్గట్లేదు!

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఫిట్‌నెస్ యాప్‌లలో కనిపించే కేలరీ బడ్జెట్ గురించే. అందుకే ఫోన్ స్టోరేజీ, ప్రింటర్ సందేహాలన్నీ పక్కన పెట్టి ఈ ఒక్కదాని మీదే కూర్చున్నాను.

నాకు 34 ఏళ్లు, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి అరకిలో తగ్గాలని యాప్‌లో పెడితే రోజుకు 2,130 కేలరీలు ఇచ్చింది. సాయంత్రం గంట నడిస్తే ఇంకో 290 కలుపుతుంది. యాప్ చెప్పిన దానికి ఒక్క కేలరీ కూడా ఎక్కువ తినట్లేదు. ఆరు వారాలైంది, బరువు అక్కడే ఉంది. యాప్ తప్పా, నా ఒంట్లో ఏదైనా తేడా ఉందా? — కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

మీ ఒంట్లో తేడా ఉందని భయపడే ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఈ బడ్జెట్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మైఫిట్‌నెస్‌పాల్ లాంటి యాప్‌లు వాడేది మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం, 1990లో వచ్చింది. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి, అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేయాలి, చివర్లో మగవాళ్లకు 5 కలపాలి, ఆడవాళ్లకు 161 తీసేయాలి. మీ లెక్కలో 820, 1,075 కలిపి 170 తీసేసి 5 కలిపితే 1,730. మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె, ఊపిరితిత్తులు, మెదడు పనిచేయడానికి మీకు రోజుకు సుమారుగా అంత కావాలి. యాప్ దీన్ని మీరు ఎంచుకున్న యాక్టివిటీ లెవల్‌తో గుణిస్తుంది. రోజంతా కూర్చునే పనికి మామూలుగా 1.2, మోస్తరు చురుకుదనానికి 1.55. ఆ వచ్చినదాంట్లోంచి మీరు తగ్గాలనుకున్న బరువుకు సరిపడా కోత పెడుతుంది. వారానికి అరకిలో అంటే రోజుకు దాదాపు 550.

ఇప్పుడు వెనక్కి లెక్కేస్తే మీకు వచ్చిన 2,130 ఎక్కడిదో కనిపిస్తుంది. 1,730ని 1.55తో గుణిస్తే 2,680, అందులో 550 పోతే 2,130. అంటే సెటప్‌లో మీరు మోస్తరు చురుకు అని ఎంచుకున్నారు. రోజూ గంట నడుస్తున్నాను కదా అనుకుని ఉంటారు, అది సహజమే. కానీ ఆ నడకను మళ్లీ వ్యాయామం కింద విడిగా ఎక్కిస్తున్నారు. ఒకే నడక రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. ఇలాంటి యాప్‌లలో యాక్టివిటీ లెవల్ అంటే వ్యాయామం కాకుండా మిగతా రోజు ఎలా గడుస్తుందన్నది, ఆ మాట స్క్రీన్ మీద ఇంత చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

ఇంకోటి. నడకకు చూపించిన 290లో ఆ గంటసేపు మీరు సోఫాలో కూర్చున్నా ఖర్చయ్యే 85 దాకా కలిసి ఉంది. అది ముందే మీ రోజు ఖర్చు లెక్కలో ఉంది. కాబట్టి నడక వల్ల అదనంగా ఖర్చయింది 205 చుట్టూ మాత్రమే.

అసలు లెక్క ఇది: కూర్చునే ఉద్యోగానికి 1,730 ఇంటూ 1.2, అంటే 2,076. నడకకు 205. మొత్తం ఖర్చు 2,280 దగ్గర. మీరు తింటున్నది 2,130, 290 కలిపి 2,420. మరి బరువు ఎలా తగ్గుతుంది? మీరు మోసం చేసుకోలేదు, యాప్ చెప్పినట్టే చేశారు, సెటప్‌లో ఒక్క ఆప్షన్ దగ్గర పొరపాటైంది. దాన్ని సెడెంటరీకి, అంటే రోజంతా కూర్చునే పని అన్న ఆప్షన్‌కు మార్చండి. బడ్జెట్ 1,530 దగ్గరకు వస్తుంది. నడిచిన రోజు యాప్ కలిపే దాంట్లో సగం మాత్రమే తినండి, మిగతా సగం వదిలేయండి.

సగమే ఎందుకంటున్నానంటే, చేతికి కట్టుకునే వాచీలు గుండె వేగాన్ని బాగానే కొలుస్తాయి, కేలరీలను మాత్రం అంచనా వేస్తాయి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల బ్యాండ్లు, వాచీలు పరీక్షిస్తే ఆరింటిలో గుండె వేగం 5 శాతం తేడాలోపే వచ్చింది. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, బాగా తప్పినదానికి ఆ తేడా 93 శాతం. వాచీలు తర్వాత మెరుగయ్యాయి, కానీ మణికట్టు మీది సెన్సర్ మీ కండరాలు ఎంత శక్తి వాడాయో నేరుగా చూడలేదన్న సంగతి మారలేదు.

ఇక సూత్రం ఇచ్చిన అంకె కూడా సగటు మనిషిది, మీది కాదు. మీది మీరే కనుక్కోవచ్చు, నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఇదే. మూడు వారాలు ఏం తిన్నా దాచకుండా ఎక్కించండి, పెళ్లి భోజనంతో సహా. రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాసుకోండి, కానీ ఏ రోజుకారోజు అంకెను పట్టించుకోకండి, ముందు రాత్రి ఉప్పు ఎక్కువైతే చాలు మర్నాడు కిలో పెరిగినట్టు చూపిస్తుంది, అది నీరే. వారం వారం సగటు చూడండి. ఉదాహరణకు రోజుకు సగటున 1,900 తిని మూడు వారాల్లో 600 గ్రాములు తగ్గారనుకుందాం. కిలో కొవ్వుకు దాదాపు 7,700 కేలరీలు కాబట్టి 600 గ్రాములకు 4,620, దాన్ని 21 రోజులకు పంచితే 220. అంటే మీ ఖర్చు రోజుకు 2,120. ఇది మీ ఒళ్లు చెప్పిన అంకె, యాప్‌లో గోల్‌ను చేత్తో మార్చుకునే వీలుంటే దీని నుంచి 400, 500 తీసేసి పెట్టుకోండి. 76 కిలోలకు దిగాక మళ్లీ చూసుకోవాలి. బరువు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, ఆరు కిలోలకు సూత్రం ప్రకారమే రోజుకు 70 దాకా తేడా.

అన్నం 200 గ్రాములు అని వెతికితే ఒక ఎంట్రీలో 260, ఇంకోదాంట్లో 700 కేలరీలు చూపిస్తోంది. ఏది నమ్మాలి? ఇంట్లో ఐదుగురికి వండే పప్పు, కూర నా వాటా ఎంతని రాయాలి? — గుంటూరు నుంచి ఒక గృహిణి

రెండూ నిజమే! 700 అన్నది బియ్యానికి, 260 అన్నది అన్నానికి. వంద గ్రాముల బియ్యంలో 350 దాకా కేలరీలు ఉంటాయి, ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని బరువు పెరుగుతుంది, కేలరీలు పెరగవు. మొన్న మా వంటింట్లో సోనా మసూరి 150 గ్రాములు తూచి కుక్కర్లో పెట్టాను, దిగాక 420 గ్రాములైంది. వంద గ్రాముల అన్నానికి 125 కేలరీలన్నమాట. మీరు కాస్త పలుకుగా వండుకుంటే ఇది పెరుగుతుంది, మెత్తగా అయితే తగ్గుతుంది. ఎంట్రీ ఎంచుకునేటప్పుడు పేరులో వండినదా, పచ్చిదా అని చూడండి, లేకపోతే వంద గ్రాములకు ఎంత ఉందో చూస్తే మీకే అర్థమైపోతుంది. ఈ యాప్‌ల డేటాబేస్‌లో చాలా ఎంట్రీలు మనలాంటి వాడకందార్లు ఎక్కించినవే, అందుకే ఒకే పెసరట్టుకు పది రకాల అంకెలు. పచ్చి సరుకుల విషయంలో సందేహం వస్తే మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ఉన్నాయి, నేను వాటినే ఆధారంగా తీసుకుంటాను.

పప్పు గిన్నెకు ఒక పద్ధతి చెబుతాను. యాప్‌లో రెసిపీ అనే ఆప్షన్ ఉంటుంది. కందిపప్పు, టమాటా, తాలింపు నూనె అన్నీ పచ్చిగా తూచి ఎక్కించండి. ఖాళీ గిన్నె బరువు ముందే చూసి పెట్టుకుని, వండాక గిన్నెతో తూచి అది తీసేయండి. పప్పు 900 గ్రాములు వచ్చిందనుకోండి, రెసిపీలో సర్వింగ్‌లు ఎన్ని అని అడిగిన చోట 900 అని రాయండి. అప్పుడు ఒక్కో గ్రామూ ఒక్కో సర్వింగ్. మీరు 160 గ్రాములు వడ్డించుకుంటే 160 సర్వింగ్‌లు అని కొడితే సరి, ఐదుగురిలో ఎవరెంత తిన్నారన్న గొడవే లేదు. ఒకసారి చేసిపెట్టుకుంటే మళ్లీ అదే పప్పు వండినప్పుడు మొత్తం బరువు ఒక్కటి మారిస్తే చాలు.

నూనె మాత్రం తప్పకుండా తూచండి. గ్రాముకు 9 కేలరీలు, పెద్ద చెంచా నిండుగా పోస్తే 120 దాటుతుంది. మనం సీసా వంచి పోస్తాం, చెంచాతో కొలవం. నూనె సీసాను పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి త్రాసు మీద పెట్టండి, తేడాయే మీరు వాడింది. గుత్తివంకాయ చేసిన రోజు ఆ తేడా చూస్తే ఎన్ని వారాలుగా ఏం ఎక్కించడం మర్చిపోయారో తెలుస్తుంది. ఫోటో తీస్తే కేలరీలు చెప్పేస్తామనే యాప్‌లు ఇక్కడే దెబ్బతింటాయి: కూరలో ఇంకిపోయిన నూనె కెమెరాకు కనబడదు. వేడన్నంలో కరిగిపోయిన నెయ్యీ అంతే.

పొద్దున 6కి లేచి చూస్తే నా బ్యాండ్‌లో అప్పటికే 400 కేలరీలు ఖర్చయినట్టుంది. నిద్రలో నడుస్తున్నానా? నా స్నేహితుడి యాపిల్ వాచ్‌లో మాత్రం అంత ఉండదు. — వరంగల్ నుంచి

లేదు, హాయిగా నిద్రపోయారు. ఫిట్‌బిట్ లాంటివి అర్ధరాత్రి నుంచి మీ ఒళ్లు మామూలుగా వాడుకునే శక్తినీ కలిపే చూపిస్తాయి. రోజుకు 1,600 అయితే గంటకు 67, ఆరు గంటలకు 400. యాపిల్ వాచ్‌లో ఎర్రటి మూవ్ రింగ్ కదలికల వల్ల అయిన అదనపు ఖర్చునే లెక్కిస్తుంది. మీ ఇద్దరి అంకెలూ పోల్చకండి. ముఖ్యంగా బ్యాండ్‌లోని మొత్తం అంకెను చూసి దాన్ని చేత్తో వ్యాయామం కింద యాప్‌లో కొట్టకండి.

రాత్రి 8 గంటలకు 250 కేలరీలు మిగిలాయని చూపిస్తుంది, భోజనం చేసి ఎక్కించాక మళ్లీ చూస్తే బడ్జెట్టే తగ్గిపోయి ఎరుపులోకి పోతుంది. — కర్నూలు నుంచి

వాచ్‌ను యాప్‌కు కలిపారు కదా, అందువల్ల. కొన్ని యాప్‌లు సాయంత్రం దాకా మీరు కదిలిన తీరును బట్టి మిగతా రోజు ఎంత ఖర్చవుతుందో ముందే ఊహించి కలిపేస్తాయి. తర్వాత మీరు టీవీ ముందు కూర్చుంటే ఆ ఊహను వెనక్కి తీసుకుంటాయి. నెగటివ్ అడ్జస్ట్‌మెంట్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఖర్చు అనుకున్న దానికన్నా తగ్గినప్పుడు బడ్జెట్‌లోంచే కోస్తాయి. పరవాలేదు, 50, 100 కేలరీల ఎరుపుకు రాత్రిపూట కంగారుపడకండి. వారం సగటు చూడండి, యాప్‌లో వారం గ్రాఫ్ ఉంటుంది.

మెల్‌బోర్న్ వచ్చాక కొత్త ఫోన్‌లో యాప్ వేస్తే బడ్జెట్ 6,400 అంటోంది!

అవి కిలోజౌల్స్, కేలరీల్లాగే శక్తిని కొలిచే ఇంకో కొలత. అక్కడి ప్యాకెట్ల మీదా అవే ఉంటాయి, పెద్దవాళ్లకు సగటున రోజుకు 8,700 అని రాసేదీ ఆ లెక్కలోనే. 4.184తో భాగించండి, మీ 6,400 అంటే 1,530 కేలరీలు. సెటింగ్స్‌లో యూనిట్స్‌కి వెళ్లి మార్చుకోవచ్చు, కానీ అక్కడే ఉండేట్టయితే కిలోజౌల్స్‌నే అలవాటు చేసుకోండి, షాపులో లేబుల్ చదవడం తేలిక.

నాకు 19 ఏళ్లు, 160 సెంటీమీటర్లు, 52 కిలోలు. 46కి రావాలని పెడితే యాప్ 1,200 ఇచ్చింది. రోజూ 1,000 లోపే ఉంచుతున్నాను. ఒక్క దోశ ఎక్కువైతే ఎరుపు చూసి ఏడుపొస్తోంది. ఈమధ్య క్లాసులో కళ్లు తిరుగుతున్నాయి. ఇంకా మంచి యాప్ ఏదైనా చెప్పండి. — డిగ్రీ విద్యార్థిని

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంకో యాప్ చెప్పను.

పైన చెప్పిన సూత్రంలో మీ అంకెలు వేస్తే పడుకుని ఉన్నా మీకు 1,264 కావాలి. కాలేజీకి వెళ్లి రావాలి, మెట్లెక్కాలి, చదవాలి. యాప్ మీకు 1,200 ఇచ్చింది మీకు అంత చాలని కాదు, చాలా యాప్‌లు ఆడవాళ్లకు అంతకన్నా కిందికి దిగకుండా గీత పెట్టుకుంటాయి, మీరు అడిగిన వేగానికి లెక్క ఆ గీత దాకా జారి అక్కడ ఆగింది. మీరు ఆ గీత కిందికి కూడా దిగారు. జాతీయ పోషకాహార సంస్థ 55 కిలోలుండి కూర్చుని చేసే పనులుండే స్త్రీకి కూడా రోజుకు 1,660 అంటుంది. మీ ఎత్తుకు 52 కిలోలు మామూలు బరువే, తగ్గాల్సిన అవసరమే లేదు. 46 అంటే తక్కువ బరువు కిందికి వస్తుంది. టార్గెట్‌లో ఏ అంకె కొట్టినా యాప్ తీసుకుని లెక్కేసి ఇస్తుంది, అది మీకు మంచిదా కాదా అన్నది దానికి తెలియదు.

ఈరోజే మూడు పనులు చేయండి. యాప్‌లో అకౌంట్ డిలీట్ చేయండి, ఊరికే ఐకాన్ తీసేస్తే రిమైండర్ మెయిళ్లు వస్తూనే ఉంటాయి, సెటింగ్స్‌లో అకౌంట్ కిందే ఆ ఆప్షన్ ఉంటుంది. కళ్లు తిరుగుతున్న సంగతి అమ్మకో, అక్కకో, హాస్టల్లో ఉంటే మీ గదిలో అమ్మాయికో చెప్పండి. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎన్నాళ్లుగా ఎంత తక్కువ తింటున్నారో దాచకుండా చెప్పండి, ఎరుపు చూస్తే ఏడుపొస్తోందని కూడా చెప్పండి, దానికీ వైద్యం ఉంది. వెళ్లొచ్చాక నాకు ఒక్క ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.