పాత పెళ్లి క్యాసెట్‌ని ఏఐతో హెచ్‌డీ చేయొచ్చా? ముందు ఆ సీడీ పక్కన పెట్టండి

మీ అమ్మానాన్నల పెళ్లిని 1995లో క్యాసెట్ మీద తీశారు, తర్వాత దాన్ని సీడీల్లోకి ఎక్కించారు, ఇప్పుడు ఆ సీడీలో ఫైలుని ఏఐ సాఫ్ట్‌వేర్‌తో హెచ్‌డీ చేద్దామనుకుంటున్నారు, ఏది కొనమంటారని అడిగారు. ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు అసలు క్యాసెట్ కోసం వెతకండి. అటక మీదో, బీరువా కింది అరలోనో ఉండే ఉంటుంది, మనవాళ్లు పెళ్లి క్యాసెట్ అంత తేలిగ్గా పారేయరు.

మన దగ్గర అప్పట్లో షాపుల వాళ్లు చేసిచ్చినవి ఎక్కువగా వీసీడీలే. వీసీడీలో (వీడియో సీడీలో) బొమ్మ సైజు 352×288 పిక్సెళ్లు. మన పాల్ క్యాసెట్‌లో (పాల్ అంటే మన దేశపు టీవీ పద్ధతి) సెకనుకి 50 ఫీల్డులు, అంటే సగం గీతలే ఉన్న బొమ్మలు, ఉంటాయి, కనిపించే లైన్లు 576. అంటే సీడీలోకి వెళ్లేటప్పుడే నిలువులో సగం, కదలికలో సగం పోయాయి, మిగిలినదాన్ని వీసీడీ వాడే ఎంపెగ్-1 అనే కుదింపు పద్ధతి నలిపి గళ్లు గళ్లు చేసింది. మా అక్క పెళ్లికి సీడీ, క్యాసెట్ రెండూ ఉంటే పక్కపక్కన పెట్టి చూశాను. సీడీలో పట్టుచీర అంచు ఒక పసుపు గీత, క్యాసెట్ నుంచి నేరుగా తీసినదాంట్లో ఆ అంచు మీద బుటా తెలుస్తోంది. దీనికి ఏ ఏఐ అక్కర్లేదు.

క్యాసెట్ దొరగ్గానే వీసీఆర్‌లో పెట్టేయకండి. కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లగా బూజు పట్టినట్టు ఉంటే అది ఫంగస్, మా కోస్తా వైపు ఉక్కకి ఇది మామూలే. అలాగే తిప్పితే టేపుని చదివే వీసీఆర్ హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్లకి కూడా పాకుతుంది. ఫంగస్ ఉంటే శుభ్రం చేయడం తెలిసినవాళ్లకి ఇవ్వండి.

వీసీఆర్ తయారీ 2016లోనే ఆగిపోయింది, కాబట్టి సెకండ్ హ్యాండ్ తప్పదు. అమెరికాలో ఉన్న మా బావ అక్కడ చవగ్గా దొరుకుతోంది పంపనా అన్నాడు, వద్దన్నాను, అక్కడివి ఎన్‌టీఎస్‌సీ అనే వేరే టీవీ పద్ధతివి, రెండూ ఆడే మల్టీ సిస్టమ్ అయితే తప్ప మన పాల్ క్యాసెట్ సరిగ్గా ఆడదు. గల్ఫ్ నుంచి తెచ్చుకున్నవి చాలా ఇళ్లలో ఇంకా మూలన పడి ఉంటాయి, బంధువుల్ని అడిగితే డబ్బులు మిగులుతాయి. హెడ్డుని ఇయర్ బడ్స్‌తో మాత్రం తుడవకండి, పోగులు చిక్కుకుని హెడ్డే విరుగుతుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వీసీఆర్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే క్యాప్చర్ కార్డు, వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. 720×576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు (ఒక్కో దాంట్లో రెండు ఫీల్డులు), కోడెక్ నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ. గంటకి 30 జీబీకి పైనే తింటుంది, తిననివ్వండి, ఇదే మీ మాస్టర్ కాపీ. ఒక్క విషయం జాగ్రత్త: అప్పటి పెళ్లిళ్లలో వీడియో లైటు మొహం మీదే కొట్టేవాళ్లు కదా, పెళ్లికూతురి నుదురు, తెల్ల పంచెలు పూర్తి తెలుపైపోతాయి. క్యాప్చర్ చేసేటప్పుడే హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) చూస్తూ బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ తగ్గించుకుంటే పంచె మడతలు కొంతైనా దక్కుతాయి. అక్కడ పోయింది ఎడిటింగ్‌లో తిరిగి రాదు. గీతలు అటూ ఇటూ వంకర్లు పోతుంటే మధ్యలో టీబీసీ, అంటే గీతల్ని సరిచేసే పెట్టె, పెట్టాలి, అది ఖరీదు. కొన్ని పాత డీవీడీ రికార్డర్ల గుండా సిగ్నల్ పంపినా ఆ వంకర్లు చాలావరకు సర్దుకుంటాయి.

తర్వాత డీఇంటర్లేస్, అంటే ఆ సగం గీతల ఫీల్డుల్ని నిండు ఫ్రేములుగా మార్చడం. చెయ్యి ఊపితే దువ్వెన పళ్లలా గీతలు వస్తాయే, అవి పోవడానికి. హైబ్రిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పని చేసే క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్ ఎంచుకుని సెకనుకి 50 ఫ్రేములు వచ్చేలా పెట్టండి, నిదానంగా నడుస్తుంది, రాత్రి పెట్టి పడుకోండి. బొమ్మ ముందుకీ వెనక్కీ వణుకుతుంటే ఫీల్డ్ ఆర్డర్ (ఏ ఫీల్డు ముందు రావాలో ఆ వరుస) తిరగబడిందని అర్థం, మార్చండి. నా లెక్కలో మొత్తం పనిలో కంటికి ఎక్కువ తేడా తెలిసేది ఇక్కడే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. రంగులకి డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్, సన్నాయిల వెనక వచ్చే హిస్ అనే బుసలాంటి శబ్దానికి ఆడాసిటీ. హిస్ పూర్తిగా తీసేయాలని చూడకండి, మంత్రాలు నీళ్లలోంచి వినిపించినట్టు అవుతాయి.

ఇక మీరు అడిగిన ఏఐ. వాడొచ్చు, చివర్లో, తక్కువగా. దగ్గర నుంచి తీసిన షాట్లకి పర్వాలేదు. దూరం నుంచి తీసిన పందిరి షాట్లో మొహం పట్టుమని ఇరవై పిక్సెళ్లు ఉండదు, అక్కడ అది ఉన్నదాన్ని శుభ్రం చేయదు, తనకి తోచిన కళ్లూ ముక్కూ గీస్తుంది. మా నాయనమ్మ అక్షింతలు వేసే చోట నున్నటి చర్మంతో ఎవరో టీవీ యాంకర్ నిలబడింది, ఆవిడ ముడతలన్నీ మాయం. అమ్మ చూసి "ఈవిడెవర్రా" అంది. ఆ ముక్కకి ఏఐ తీసేసి, కాస్త మసగ్గా ఉన్నా పాతదే ఉంచాను. చనిపోయినవాళ్లు కనిపించే చోట్ల దీని జోలికే పోవద్దని నా సలహా.

స్క్రీన్ నిండా సాగదీయకండి, పక్కల నలుపు ఉంటే ఉండనివ్వండి, 4:3 లోనే 1440×1080కి పెంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. యూట్యూబ్‌లో 720 కంటే తక్కువ సైజుకి 50 ఫ్రేములు చూపించదు, అందుకే పెంచడం. తలంబ్రాల మీద వేసిన సినిమా పాటకి కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, ఒక్కోసారి వీడియోనే ఆపేస్తారు, కాబట్టి చుట్టాలకి లింకుతో పాటు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఇవ్వండి.