కిండిల్ కొనాలా, పుస్తకాలే కొనుక్కోవాలా?

ఒంగోలు కర్నూలు రోడ్డు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ రాశారు: "నా వయసు 67. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. సన్న అక్షరాలైతే అరగంటకే కళ్లు లాగుతున్నాయి. ఇంట్లో ఇప్పటికే రెండు బీరువాల పుస్తకాలున్నాయి. మా అబ్బాయి కిండిల్ కొనిస్తానంటున్నాడు. నేను ఎక్కువగా చదివేది తెలుగు, అప్పుడప్పుడు ఇంగ్లిషు. కొనిపించుకోమంటారా?"

మాస్టారూ, మీ ఉత్తరంలో "ఎక్కువగా చదివేది తెలుగు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీకు ఇవ్వాల్సిన జవాబంతా ఆ మాట మీదే ఆధారపడి ఉంది.

ముందు కళ్ల సంగతి. కిండిల్ అంటే ఈ-బుక్కులు చదువుకోవడానికి అమెజాన్ అమ్మే పరికరం. దాని తెర, ఫోను తెర ఒకటి కాదు. ఫోను తన వెలుతురును నేరుగా మన కళ్లలోకి పంపిస్తుంది. కిండిల్ తెరలో వెంట్రుక మందం ఉండే గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు కలిసి ఉంటాయి. కరెంటు తగలగానే ఏవో ఒకటి పైకి తేలతాయి, అక్షరం ఏర్పడుతుంది. ఆ తర్వాత పేజీ తిప్పేదాకా తెరకు కరెంటు అవసరం లేదు. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. బయటి వెలుతురు పడే కొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఒంగోలు స్టేషన్లో రైలు కోసం కూర్చుని నేను హాయిగా చదువుకున్నాను. పక్కనున్నాయన మాత్రం ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని అవస్థ పడ్డాడు. చీకట్లో చదవాలంటే అంచుల నుంచి తెర మీదికి పడే చిన్న లైటు ఉంటుంది. అక్షరాల సైజు ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. ఇంగ్లిషు పుస్తకాల వరకూ మీ అబ్బాయి ఆలోచన మంచిదే.

తెలుగు దగ్గరే చిక్కు. 2016 డిసెంబరులో కిండిల్ కోసం హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాల అమ్మకం మొదలైంది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. అప్పుడు కలిగిన బాధ నాకు ఇంకా పోలేదు. కాబట్టి తెలుగు పుస్తకాలు మన చేతికి ఎక్కువగా పీడీఎఫ్‌ల రూపంలోనే వస్తాయి.

వాటిలో ఒక రకం స్కాన్ చేసిన పాత పుస్తకాలు. అంటే ప్రతి పేజీ ఒక ఫొటో. ఫొటోలో అక్షరాన్ని పెద్దది చేసే మీట ఉండదు. మన నవలలు ఎక్కువగా డెమ్మీ సైజులో వస్తాయి, పేజీ దాదాపు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. ఆరంగుళాల కిండిల్‌లో ఆ పేజీ మొత్తం పట్టాలంటే సగానికి కాస్త పైన ఉండే సైజుకు కుదించుకుపోతుంది. పేపర్‌వైట్ అనే ఏడంగుళాల కిండిల్‌లోనూ మూడింట రెండు వంతులే. అంటే అక్షరాలు పెద్దగా కనిపించాలని మీరు పరికరం కొంటే, కాగితం మీద ఉన్నదానికన్నా చిన్నవైపోతాయి! పోనీ వేళ్లతో జూమ్ చేద్దామంటే, లైను లైనుకీ పేజీని అటూ ఇటూ జరుపుకోవాలి. కథలో లీనమైన మనిషికి అది నరకం.

రెండో రకం, అచ్చుపనికి వాడే అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. కళ్లకు శుభ్రమైన తెలుగే. లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లకు తెలుగు ఆకారాలు తగిలించి ఉంటాయి. ఫైళ్ల రకం మార్చే కాలిబర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఈపబ్‌గా, అంటే అక్షరం సైజు మార్చుకోగల ఈ-బుక్కు ఫైలుగా మారిస్తే అర్థంపర్థం లేని గుర్తులు బయటికొస్తాయి. నాకు ఉత్తరాలు రాసేవారిలో చాలామంది దీన్ని తమ కంప్యూటర్ లోపం అనుకుని టెన్షన్ పడుతుంటారు. మీ కంప్యూటర్ బాగానే ఉంది, ఆ ఫైలు పుట్టుకే అలాంటిది.

యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో తయారైన ఈపబ్ అయితేనే అక్షరం పెంచుకునే సుఖం. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైటు తీరిన పుస్తకాలు కొన్ని ఇలా దొరుకుతాయి. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లకు కాపీరైటు తీరుతుంది. 1964లో పోయినవారి రచనలు 2025 జనవరి 1 నుంచి అందరివీ. కానీ మీ బీరువాల్లో ఉన్నవి ఎక్కువగా ఆ తర్వాతి రచయితలవే అయి ఉంటాయని నా ఊహ.

అందుకని నా సలహా ఇది. పేపర్‌వైట్ 2025లో మన దగ్గర 16,999 రూపాయలకు వచ్చింది. ఆ డబ్బుతో పదంగుళాల మామూలు టాబ్లెట్ కొనమని అబ్బాయికి చెప్పండి. దాన్ని అడ్డంగా తిప్పి పట్టుకుంటే అదే డెమ్మీ పేజీ దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ తగ్గించుకోండి, అరగంటకోసారి కళ్లు మూసుకోండి, పడుకునే ముందు మాత్రం వద్దు. ఇంగ్లిషు నవలలే రోజూ చదువుతానంటే అప్పుడు కిండిల్ కొనండి, సంతోషంగా కొనండి. కొనేముందు తెలిసినవారి కిండిల్‌కి ఒక తెలుగు ఈపబ్ పంపించి, ఒత్తులూ గుణింతాలూ సరిగా పడుతున్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.

బీరువాలు మాత్రం ఖాళీ చేయకండి. ఈ-బుక్కు మనం కొనేది కాదు, చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్ కొన్ని పుస్తకాలను, అమ్మినవారికి హక్కు లేదని, కొన్నవాళ్ల కిండిల్స్‌లోంచి వాళ్లకు చెప్పకుండానే తీసేసింది. డబ్బు వెనక్కిచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని వెబ్‌సైటు నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే వీలు కూడా తీసేసింది. నా మట్టుకు నేను ఒక తెలుగు యాప్‌లో కొన్న ఇరవై పుస్తకాలు పోగొట్టుకున్నాను. యాప్ మూతపడింది, పుస్తకాలూ దాంతోనే పోయాయి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది, 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది. అక్కడి పాత పత్రిక చదవడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు, లైబ్రేరియన్‌ని అడిగితే చాలు.

కావలి నుంచి గ్రూప్-2కి చదువుతున్న అమ్మాయి అడిగింది: "మెటీరియల్ అంతా పీడీఎఫ్‌లే అన్నా. ఫోనులో చదివితే గుర్తుండడం లేదు. ఈ-రీడర్ కొంటే మేలా?"

వద్దమ్మా. ఆ డబ్బుతో ప్రింట్లు తీయించుకో. 2018లో 54 పరిశోధనలను కలిపి చూస్తే, సమాచారం ఉన్న పాఠాలను కాగితం మీద చదివినవాళ్లకే కాస్త ఎక్కువ అర్థమైంది. టైము తక్కువగా ఉంటే ఆ తేడా ఇంకా పెరిగింది. కథల దగ్గర మాత్రం తేడా లేదు. నీ పరీక్షలో రెండూ ఉంటాయి కదా, సమాచారమూ, టైము తక్కువా. అన్నీ ప్రింట్ తీయించే పని లేదు. మళ్లీ మళ్లీ తిరగేసే సబ్జెక్టులు జెరాక్స్ షాపులో రెండు వైపులా వేయించి స్పైరల్ బైండింగ్ చేయించు. కరెంట్ అఫైర్స్ ఫోనులోనే ఉండనీ, అవి ఎలాగూ నెలనెలా మారతాయి.

నెల్లూరు నుంచి ఒకావిడ: "2021 నవంబరు వరదల్లో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. నాన్నగారి పుస్తకాలు తడిసి అట్టలు కట్టాయి. ఆరబెట్టాం గానీ కాగితం పొడిపొడిగా రాలుతోంది. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా?"

ఎక్కించుకోవచ్చమ్మా, ఆలస్యం చేయకండి. స్కానర్ మీద బోర్లించి నొక్కితే వెన్ను విరిగిపోతుంది, ఆ పని చేయకండి. పుస్తకాన్ని పూర్తిగా తెరవకుండా సగం తెరిచి, కింద దిండు పెట్టి, కిటికీ పక్క పగటి వెలుతురులో ఫోనుతో ఒక్కో పేజీ ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు. ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను గుర్తుపట్టి టైపు చేసి ఇస్తుంది. తప్పులుంటాయి, పక్కన పెట్టుకుని దిద్దుకోవాలి. అన్నిటికన్నా ముందు నాన్నగారు అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న పేజీలుంటే అవి తీయండి. అచ్చు పుస్తకం ఇంకో కాపీ ఎక్కడైనా దొరకొచ్చు, ఆ రాత మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు.