గుహ లోపల వాన పడదు కదా, మరి వాతావరణంతో భయమెందుకు?

అసలు ప్రమాదమంతా వానతోనే. సున్నపురాయి కొండ జల్లెడ లాంటిది. ఎక్కడో పైన పడిన నీరు పగుళ్ల గుండా దిగి, ఒక్కోసారి గంటల తర్వాత దారిని ముంచేస్తుంది. లోపలున్నవాళ్లకు బయట మబ్బు పట్టిన సంగతే తెలియదు.

2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో ఇదే జరిగింది. జూలై నుంచి వరద ముప్పని అక్కడ బోర్డు ఉంది, వాన మాత్రం ముందే ముంచుకొచ్చింది. 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకుపోయారు. జూలై 10కి గానీ అందరూ బయటికి రాలేదు. గాలి సిలిండర్లు చేరవేసి వస్తూ సమన్ కునాన్ అనే డైవర్ ప్రాణాలు వదిలారు. తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

కాబట్టి గుహ ఉన్నచోటే కాదు, ఎగువ కొండల్లో వాన సూచన ఉన్నా ప్రయాణం ఆపేయండి.