బూటకపు దెబ్బకు ఎదుటివాడు కదలకపోతే?

ప్రశ్న: జర్మన్ లాంగ్‌స్వర్డ్ (రెండు చేతులతో పట్టే పొడవాటి కత్తి) సాధన చేస్తున్నాను. తలకు దెబ్బ చూపించి కిందికి తిప్పి కొట్టే ‘ఫేలర్’ అంటే నాకు మోజు. కొందరి మీద బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మరికొందరు నా ఎత్తును లెక్కచేయకుండా నన్నే కొట్టేస్తున్నారు. నా వేగం చాలడం లేదా?

– ఒక పాఠకుడు

జవాబు: వేగం సంగతి తర్వాత చూద్దాం. మీరు మనిషిని చూడకుండా ఎర వేస్తున్నారు. ఈ జర్మన్ కత్తివిద్యకు మూలగురువు లీక్టెనౌయర్; ఆయన పద్యాలకు 15వ శతాబ్దంలో రింగెక్ పేరిట వచ్చిన వ్యాఖ్యానం తెరిస్తే ఈ ముక్క స్పష్టంగా ఉంటుంది: ఫేలర్‌కు పడిపోయేది అడ్డుకోవడానికే అలవాటుపడ్డవాళ్లు, ఒంటిని వదిలేసి కత్తి వెంట పడేవాళ్లు. అడ్డుకోనివాణ్ణి ఏమార్చేదేముంది? ముందు రెండు మూడు సిసలైన దెబ్బలు వేసి, అతగాడి కత్తి ఎటు పోతుందో కనిపెట్టండి.

ఇక ఆ చూపించే దెబ్బ. చాలామంది చేతులు మాత్రం ఊపి, కాలు కదపకుండా భుజాల దగ్గరే ఆపేస్తారు. అలాంటిదానికి నేనైనా బెదరను! ఎదుటివాడు అడ్డుకోకపోతే నడినెత్తిన పడేలా రావాలి ఆ ఓబర్‌హౌ, అదే పైనుంచి వేసే దెబ్బ. అతని కత్తి పైకి లేచింది అనగానే దాన్ని తగలనివ్వకుండా వెనక్కి లాగి, త్స్వెర్ఖ్‌హౌగా అడ్డంగా తిప్పి, నడుము కింద కుడివైపో ఎడమవైపో ఖాళీగా ఉన్నచోట కొట్టాలి. ఇక్కడ మీ పిడి ఎక్కడుందో చూసుకోండి. తల కంటే పైనే ఉండాలని వ్యాఖ్యానం మరీ మరీ చెబుతుంది. కింద కొట్టే తొందరలో చేతులు కూడా దిగిపోయాయా, మీ మాడు పగిలినట్టే. మీకు తగులుతున్న దెబ్బల్లో సగం ఇందువల్లేనని నా అనుమానం.

కత్తులు అప్పటికే ఆనుకుని, అతను గట్టిగా నొక్కుతుంటే ఫేలర్ జోలికి పోకండి. అక్కడ ‘ట్సుకెన్’ మేలు: కత్తిని చటుక్కున లాగేసి రెండోవైపు కొట్టడం.

లెక్కచేయకుండా మీదికొచ్చేవాడు పైనుంచే కొడుతున్నాడా? అయితే ఎర మానేసి త్స్వెర్ఖ్‌హౌనే మొదటి దెబ్బగా వాడండి. కుడికాలితో అతని ఎడమవైపుకు దూకి, బొటనవేలు కత్తి కిందకు వచ్చేలా, వెనక అంచుతో (మీవైపు తిరిగి ఉండే అంచు) తలకు వేయండి. అడ్డూ అదే, దెబ్బా అదే. మాస్కు, గ్లవ్స్ లేకుండా మాత్రం వద్దు.